బయటి పిడి

మన యిళ్ళలో పాడయిన వస్తువులు రెండు రకాలు. వెంటనే బాగుచేయించేవి కొన్ని. వాటితోనే కాపురం చేయడం నేర్చుకునేవి కొన్ని. నీళ్ళు కారే కొళాయి కింద చెంబు పెడతాం. కాలు వూగే బల్ల కింద అట్టముక్క దోపుతాం. ఆ సర్దుబాటు వారం దాటితే అలవాటవుతుంది. నెల దాటితే ఆచారమవుతుంది. మూడు నెలలు గడిచేసరికి "యీ కొళాయి బాగుచేయిద్దామండీ" అన్న మనిషే యింటి ఆచారాలు చెడగొట్టడానికి వచ్చినట్టు కనబడుతుంది.

మా కారు తలుపు పిడి విషయంలో సరిగ్గా యిదే జరిగింది.

మా కారు అంటున్నాను గాని నిజానికి అది మా నాన్నగారిది. ఆయన తపాలా శాఖలో పనిచేస్తూ 1998లో అప్పుచేసి కొన్న తెల్ల మారుతి 800. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆ వయస్సులో డ్రైవింగు నేర్చుకుని, మొదటిసారి బెంజి సర్కిలు నడిబొడ్డున కారు ఆపేసినప్పుడు వెనక లారీలవాళ్ళు చేసిన సన్మానాన్ని ఆయన యిప్పటికీ కథలాగా చెబుతారు.

మారుతి 800 సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి కారు తాళాలు అందుకున్న నాటినుంచి 2014 జనవరిలో తయారీ నిలిపివేసే దాకా పాతిక లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. మూడు సిలిండర్లు, 796 సి.సి. యింజను. దానితో తిరుపతి వెళ్ళివచ్చిన కుటుంబాలు మీ వీధిలోనే నాలుగైదు వుండి వుంటాయి. మా కారు పదిహేనేళ్ళు నిండినప్పుడు ఒకసారి, ఆ పైన అయిదేళ్ళకు ఒకసారి రవాణాశాఖ వారి ముందు నిలబడి, 2028 దాకా తిరగడానికి అనుమతి తెచ్చుకుంది.

అమ్మను యెక్కించుకుని బయలుదేరేటప్పుడల్లా నాన్నగారు కారు చుట్టూ తిరిగి వెళ్ళి యెడమ తలుపు తీసి పట్టుకునేవారు. చీర కుచ్చెళ్ళు తలుపులో పడకుండా చూచి, మూసి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి తన చోట కూర్చునేవారు. చూచేవాళ్ళు అదేదో దొరల మర్యాద అనుకునేవారు. అసలు సంగతి వేరు. ఆ తలుపు గట్టిగా వేస్తేగాని పడదు. అమ్మ దేన్నీ గట్టిగా వేసే మనిషి కాదు. యిరవయ్యేళ్ళు అలాగే జరిగింది. 2019లో అమ్మ పోయింది. మరి మూడేళ్ళకు కంటిచూపు మందగించి నాన్నగారు స్టీరింగు నాకు అప్పగించి, తాను అమ్మ కూర్చునే యెడమ సీటులోకి మారారు.

ఆ యెడమ తలుపు పిడే విరిగింది.

2025 మార్చిలో ఒకనాటి వుదయం కాలేజీకి బయలుదేరుతూ, పుస్తకాల సంచి పక్క సీటులో పడేద్దామని ఆ తలుపు పిడి లాగాను. మీకు గుర్తుండే వుంటుంది: తలుపులో చిన్న గుంట, గుంట మీద నల్ల ప్లాస్టిక్కు రెక్క. నాలుగు వేళ్ళూ కిందనుంచి దూర్చి లాగితే తలుపు వస్తుంది. ఆనాడు తలుపు రాలేదు, రెక్క వచ్చింది. ఛందస్సు పాఠానికి వేళ మించిపోతున్నది. విరిగిన ముక్కను డాష్‌బోర్డు అరలో పడేసి, డ్రైవరు వైపునుంచి యెక్కి వెళ్ళిపోయాను.

ఆ సాయంకాలం మా కొత్త ఆచారం మొదలయింది. ముందు నేను యెక్కాలి. యెడమ వైపుకు వొరిగి, చేయి చాచి లోపలి పిడి లాగాలి. అప్పుడు నాన్నగారు బయటనుంచి తలుపు పట్టుకుని యెక్కాలి. దిగేటప్పుడు బాధ లేదు, లోపలి పిడి బాగానే వుంది గదా! మావారు మాత్రం నెలకొకసారి, "ఆ పిడి సంగతి చూడరాదూ?" అనేవారు. "పరీక్షలు కానివ్వండి" అనేదాన్ని. పరీక్షలయ్యాయి. "పేపర్లు దిద్దడం కానివ్వండి" అన్నాను. అదీ అయింది. నాన్నగారు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. పెద్దవాళ్ళు తమ కోసం కావలసింది అడగకపోతే, అవసరం లేదనే అర్థం తీసుకోవడం మన సౌకర్యం.

గొడుగు కొంకి

జూన్ నెలలో ఒక శనివారం పొద్దున, చక్కెర వ్యాధి పరీక్షకు నాన్నగారిని ఏలూరు రోడ్డు పక్కనున్న ఒక పరీక్షాశాలకు తీసుకువెళ్ళాను. పరగడుపున రక్తం యివ్వాలి. ఆయన నియమనిష్ఠలు కలవారు గనుక పరగడుపుననే వున్నారు. అయితే అదే నియమనిష్ఠలతో, రోజూ ఫలహారానికి ముందు వేసుకునే చక్కెర మాత్ర కూడా వేళకు వేసుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పలేదు.

రక్తం తీశారు. ఆయనను కారులో కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా అద్దం నాలుగు వేళ్ళ సందు వదిలి పైకెత్తి, డబ్బు కట్టి రసీదు తెస్తానని వెళ్ళాను. అయిదు నిమిషాల పని పావుగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి కుడి పక్కన ఒక సరుకుల ఆటో తలుపుకు ఆనుకుని నిలబడి వుంది. ఆటో వుంది, ఆటో అతను లేడు. కుడివైపు రెండు తలుపులూ పేపరు దూరినంత కూడా రావు. యెడమ పక్కకు వచ్చి "నాన్నా, తలుపు తీయండి" అన్నాను.

ఆయన తల పక్కకు వాల్చుకుని కూర్చున్నారు. నుదుటి మీద చెమట. కళ్ళు సగం తెరుచుకుని వున్నాయి. "నాన్నా!" అని అద్దం మీద కొట్టాను. చేయి కొంచెం కదిలింది, మళ్ళీ వొళ్ళో పడింది. లోపలి పిడి ఆయన మోకాలికి జానెడు దూరంలో వుంది. ఆ జానెడూ ఆయన చేయి వెళ్ళలేదు.

వెనక తలుపు లాగాను. పిల్లలు చిన్నప్పటినుంచీ వెనక తలుపులకు లోపల మీట నొక్కే వుంచడం మా అలవాటు; బయట తాళంచెవి పెట్టే రంధ్రమైనా వాటికి లేదు. ముందు తలుపుకు తాళం వేసి లేదు. తాళం తీసినా లాగడానికి పిడి లేదు. పిడి వుండవలసిన గుంటలో నా నాలుగు వేళ్ళూ పెట్టి, అక్కడ యేమీ లేకపోయినా లాగుతూ నిలబడ్డాను. డిక్కీ తలుపు ఒకటి వున్నదనీ, దాని తాళం నా చేతిలోనే వున్నదనీ తట్టలేదు. కంగారులో వున్న మనిషికి రోజూ తెరిచే తలుపు తప్ప మరో తలుపు కనబడదు.

జనం చేరారు. ఒకరు అద్దం పగలగొట్టమన్నారు. యింకొకరు ఆటో అతని కోసం పరుగెత్తారు. ఒక ముసలాయన మాత్రం యేమీ మాట్లాడకుండా ముందుకు వచ్చి, చేతిలోని గొడుగును తలకిందులు చేసి, కొంకి వంపును పక్కకు తిప్పి నాలుగు వేళ్ళ సందులోనుంచి లోపలికి దింపాడు. రెండుసార్లు జారింది. మూడోసారి కొంకి లోపలి పిడికి తగులుకుంది. ఆయన గొడుగును లాగాడు. తలుపు తెరుచుకుంది.

పక్కనే చెరకురసం బండి వుంది. నాన్నగారు మింగగలిగే స్థితిలోనే వున్నారు గనుక, తల పట్టుకుని గుక్క గుక్కగా గ్లాసెడు రసం తాగించాను. పది నిమిషాలకు కళ్ళు తేటపడ్డాయి. "రసీదు తెచ్చావా?" అన్నారు. అప్పటిదాకా నిలబడ్డ నేను రోడ్డు మీదనే కూలబడి యేడ్చాను. ఆ మధ్యాహ్నం డాక్టరుగారు మా యిద్దరినీ కూర్చోబెట్టి చెప్పినది మీరూ గుర్తుంచుకోండి: పరగడుపు పరీక్ష వున్ననాడు చక్కెర మాత్ర యెప్పుడు వేసుకోవాలో ముందే వైద్యులను అడిగి తెలుసుకోవాలి. ఆ మాత్ర వేసుకుని తిండి మానడం ప్రమాదం.

గొడుగాయన పేరు అడగాలన్న జ్ఞానం వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు.

ఆటోనగర్లో

మర్నాడే పిడి కొనడానికి బయలుదేరబోయాను. ఆదివారం గనుక దుకాణాలు చాలావరకు మూసి వుంటాయన్నారు. సోమవారం కాలేజీకి సెలవు పెట్టాను. మూడు నెలలు దొరకని సెలవు ఒక్క రోజులో దొరికింది.

విజయవాడ ఆటోనగర్ చూడనివారు ఒకసారి చూడవలసిందే. ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. మరో వీధిలో అవే లారీలను విప్పుతుంటారు. సమ్మెట దెబ్బలు, వెల్డింగు వెలుగులు, రంగు వాసన. ఆ హడావుడిలో నా మూడు అంగుళాల పిడిని యెవరు పట్టించుకుంటారా అనుకుంటూ వెళ్ళాను. నాన్నగారు విరిగిన ముక్కను చేతిరుమాలులో చుట్టి తెచ్చారు. అది యెందుకో అక్కడికి వెళ్ళాక తెలిసింది.

"మారుతి 800 డోర్ హ్యాండిల్ కావాలండీ."

"ఎడమా, కుడా? ముందుదా, వెనకదా? బయటిదా, లోపలిదా?" అన్నాడు దుకాణదారుడు ఒక్క గుక్కలో. పిడి అంటే పిడే అనుకున్న నాకు, నాలుగు తలుపులకు పిడులు ఒకటి కావని అప్పుడు తెలిసింది. యెడమ కుడులు అద్దంలో ప్రతిబింబాల వంటివి. ఒకటి మరొకచోట పట్టదు. నాన్నగారు రుమాలు విప్పి ముక్కను బల్ల మీద పెట్టారు. మాటలు అక్కరలేకపోయింది.

రెండు రకాలు చూపించాడు. ఒకటి కంపెనీ సరుకు, ఒకటి డూప్లికేటు. చూడడానికి కవలపిల్లల్లా వున్నాయి. ధరలో తేడా నూట యాభై లోపు. చవకదాని మీదికి నా చేయి వెళ్ళడం, పక్కనే లాకు విప్పుకుంటున్న ముసలి మేస్త్రీ తలెత్తడం ఒక్కసారే జరిగాయి.

"అమ్మా, రెండూ పదేసి సార్లు లాగి చూడండి" అన్నాడు.

లాగాను. కంపెనీదాని రెక్క లాగినకొద్దీ ఒకే బిగువుతో వచ్చి, వదలగానే టక్కున వెనక్కు పోయింది. రెండోదాని రెక్క ఆరోసారికే వొళ్ళు విరుచుకుంటూ వెనక్కు పోయింది. లోపలి స్ప్రింగు సన్నం.

మేస్త్రీ నాన్నగారి దగ్గరి ముక్కను తీసుకుని, విరిగిన అంచు మీద బొటనవేలు రాచి చూచాడు. "ఇది విరగలేదమ్మా, విరగగొట్టారు" అన్నాడు.

నాకు కొంచెం కష్టమనిపించింది. "నేను మామూలుగానే లాగానండీ."

"మీరు ఆవేళ లాగింది కాదు. ఎన్నాళ్ళనుంచి తలుపు గట్టిగా లాగితేనే వస్తోంది?"

నేను నాన్నగారి వంక చూచాను. ఆయన "చాలా యేళ్ళయింది" అన్నారు.

మేస్త్రీ చెప్పినదాని సారం యిది. పిడి తానుగా తలుపు తెరవదు. అది లాగితే లోపల ఒక సన్నని కడ్డీ కదులుతుంది. ఆ కడ్డీ పోయి తలుపు అంచున వున్న లాకును విడిపిస్తుంది. లాకులో గ్రీజు ఎండి దుమ్ము చేరితే అది బిగుసుకుంటుంది. బిగుసుకున్నకొద్దీ మనం గట్టిగా లాగుతాం. ఇరవై యేళ్ళ యెండకు పెళుసెక్కిన ప్లాస్టిక్కు ఒకనాడు లొంగిపోతుంది. మనం పిడి మారుస్తాం, లాకును అలాగే వుంచుతాం. యేడాది తిరక్కముందే కొత్త పిడి కూడా విరుగుతుంది. అప్పుడు "ఈ రోజుల్లో సరుకే అంత" అంటాం.

"పిడి బలహీనమైంది గనుక ముందు అది బయటపడింది. జబ్బు లాకుదమ్మా" అన్నాడాయన.

కంపెనీ పిడి, దానితోపాటు కడ్డీని పట్టుకునే చిన్న ప్లాస్టిక్కు క్లిప్పులు, తలుపు ప్యాడుకు పెట్టే గుండీలు అరడజను, చిన్న డబ్బాలో గ్రీజు కొన్నాం. బిగించిపెట్టమంటే, ముందు నాలుగు బళ్ళున్నాయి, సాయంత్రందాకా కూర్చోవాలన్నాడు. నాన్నగారు "మనమే చేసుకుందాం. 2006లో కుడివైపుది నేనే మార్చాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నడుము కొంచెం నిటారయింది. నేను కాదనలేకపోయాను.

ఆదివారం నాటి శస్త్రచికిత్స

వచ్చే ఆదివారం వేపచెట్టు నీడన కారు నిలిపాం. నాన్నగారికి వరండాలోనుంచి పేముకుర్చీ తెచ్చి వేశాం. శస్త్రచికిత్స నాది. సహాయకుడు యింటరు చదువుతున్న మా అబ్బాయి. ఆయుధాలు యివి: స్టారు స్క్రూడ్రైవరు, బద్ద స్క్రూడ్రైవరు, పది నెంబరు స్పానరు, పాత బొంతగుడ్డ పీలికలు, పాత టూత్‌బ్రష్షు, సీసాలో కాస్త డీజిలు.

మీలో పాత కారున్నవారికి పనికివస్తుందని వరసగా చెబుతాను.

ముందు అద్దం పూర్తిగా పైకెత్తాలి. లేకపోతే తలుపు లోపల చేయి పెట్టడానికి చోటుండదు. అద్దం తిప్పే పిడి యే దిక్కుకు చూస్తూ ఆగిందో గుర్తుంచుకోవాలి. మా అబ్బాయి సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. తరవాత చేయి ఆనించే కమ్మీ మరలు, లోపలి పిడి చుట్టూ వున్న చట్రం మర విప్పాలి. అంతవరకూ పిల్లలాట.

అద్దం తిప్పే పిడి దగ్గర నా పాండిత్యం ఆగిపోయింది. దానికి యెక్కడా మర కనబడదు. లాగితే రాదు. నాన్నగారు అయిదు నిమిషాలు నా అవస్థ చూచి, "గుడ్డపీలిక తీసుకో" అన్నారు. ఆ పిడి వెనక గుర్రపు లాడం ఆకారంలో చిన్న తీగ క్లిప్పు వుంటుందట. పిడికీ ప్యాడుకూ మధ్య పీలిక దూర్చి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని, మజ్జిగ చిలికినట్టు అటూ యిటూ లాగాలి. గుడ్డ ఆ క్లిప్పు కొసలను పట్టుకుని బయటికి నెట్టేస్తుంది. నాలుగు లాగులకు క్లిప్పు "టింగు"మని యెగిరి తులసికోటలో పడింది. దానిని వెతకడానికి పావుగంట. యెగరబోతుందని తెలిస్తే ముందే అరచేయి అడ్డం పెట్టుకోండి.

ఆ తరవాత ప్యాడు. దానిని మధ్యలో పట్టి లాగకూడదు. పాత అట్ట, చిరుగుతుంది. అంచు వెంబడి వేళ్ళతో తడుముతూ, గుండీ వున్నచోటల్లా బద్ద స్క్రూడ్రైవరుకు గుడ్డ చుట్టి మెల్లగా యెత్తాలి. పదింటిలో మూడు గుండీలు విరిగాయి. మేస్త్రీ అరడజను ఎందుకు అంటగట్టాడో అర్థమయింది.

ప్యాడు వెనక పల్చని ప్లాస్టిక్కు కాగితం అంటించి వుంది. చించి పారేయబోయాను. "ఆగు, అది తలుపు గొడుగు" అన్నారు నాన్నగారు. అద్దం సందులోనుంచి వాననీరు తలుపు లోపలికి దిగడం మామూలే. ఆ నీరు ప్యాడు మీదికి, కారు లోపలికి రాకుండా యీ కాగితం ఆపి కిందికి పంపుతుంది. తలుపు అడుగున చిన్న చిన్న బెజ్జాలుంటాయి. నీరు వాటిగుండా పోతుంది. మా తలుపు బెజ్జాలు పుల్లతో పొడిస్తే గుప్పెడు మన్నూ, వేపాకుల పొడీ రాలాయి. వానాకాలంలో ఆ తలుపు వేసినప్పుడల్లా కుండలో నీళ్ళు కదిలిన చప్పుడు యెందుకు వచ్చేదో అప్పుడు తెలిసింది. యింకో రెండేళ్ళు వదిలేస్తే తలుపు అడుగంతా తుప్పు తినేసేది.

యిక పిడి. లోపలికి చేయి పెట్టేముందు తలుపు అడుగున పెద్ద గుడ్డ పరవమన్నారు నాన్నగారు. జారిపడిన నట్టు గుడ్డ మీద పడితే దొరుకుతుంది. అడుగున పడితే దొరకదు. యిది 2006లో ఆయన చేసిన పరిశోధన ఫలితం. కడ్డీని పట్టుకున్న ప్లాస్టిక్కు క్లిప్పును లాగకూడదు. పక్కకు తిప్పితే వదులుతుంది. మాది తిప్పితే పొడి అయింది. కొత్తది వుంది గనుక సరిపోయింది. కంటికి కనబడని చోట వేళ్ళతో తడుముతూ రెండు నట్లు విప్పాను. పాత పిడి బయటికి వచ్చింది. ఒకటి మాత్రం చెప్పాలి. లోపలివైపు యినప అంచులు కత్తుల్లా వుంటాయి. ముంజేతికి గుడ్డ చుట్టుకోండి. నేను చుట్టుకోలేదు.

కొత్తది బిగించేముందు లాకు సంగతి. డీజిలులో ముంచిన బ్రష్షుతో తోమితే నల్లని పిండి కారింది. గుడ్డతో తుడిచి, ఆరాక గ్రీజు రాశాం. స్క్రూడ్రైవరు కొసతో ఆ కొక్కేన్ని కదిపితే, అంతకుముందు బలవంతాన కదిలేది, యిప్పుడు వెన్నలో కదిలినట్టు కదిలింది. మేస్త్రీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

పిడి పెట్టాను. నట్లు బిగించాను. కడ్డీ తగిలించాను. ఆనందం పట్టలేక తలుపు ధడాలున వేయబోయాను.

"ఆగు!"

నాన్నగారు కుర్చీలోనుంచి లేచి నిలబడ్డారు. యీ మధ్యకాలంలో ఆయన గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

"తలుపు తెరిచి వుండగానే చూడాలి. స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని మూతవేయి. రెండుసార్లు టక్కుమనాలి. అప్పుడు బయటి పిడి లాగు."

నొక్కాను. టక్, టక్. లాగాను. కొక్కెం వీడలేదు. మళ్ళీ లాగాను. రెక్క హాయిగా వస్తున్నది, కొక్కెం మాత్రం చలించడం లేదు. చేయి పెట్టి తడిమితే, కడ్డీ క్లిప్పులో సగమే కూర్చుని జారిపోయి వుంది.

ఆ తలుపు నేను వేసి వుంటే? బయటి పిడి పని చేయదు. లోపలి పిడి మరలు విప్పి నేల మీద వున్నాయి. తలుపు మూసుకుపోయాక దాని లోపల చేయి పెట్టడం యెంత కష్టమో మేస్త్రీలనడగండి. కడ్డీని మళ్ళీ క్లిప్పులో దూర్చి, చప్పుడయ్యేదాకా తిప్పి బిగించాను. కడ్డీ మరీ బిగువుగా వుంటే కొక్కెం సగం వీడి, నడిచే బండి తలుపు తెరుచుకోవచ్చునట. మరీ వదులయితే పిడి లాగినా పని జరగదట. ఆ రెండింటి మధ్య కుదిరేదాకా పదిసార్లు టక్ టక్ మనిపించి లాగించారు నాన్నగారు. ఆ తరవాతనే ప్లాస్టిక్కు కాగితం, ప్యాడు, అద్దం తిప్పే పిడి యెక్కడివి అక్కడికి చేరాయి.

మేస్త్రీకి అరగంట పని. మాకు మూడుంబావు గంటలు పట్టింది. మధ్యలో మావారు రెండుసార్లు కాఫీ యిచ్చి, "కారు అమ్మేస్తే యింకా తొందరగా అయ్యేది" అన్నారు.

దిగేవాడికీ, దింపేవాడికీ

చేతులు కడుక్కుంటూ వుంటే నాన్నగారు ఒక మాట అన్నారు. "లోపలి పిడి దిగేవాడికమ్మాయీ. బయటి పిడి దింపేవాడికి."

నేను పదహారేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. తలుపుల మాటలు మన భాషలో యెన్నో వున్నాయి: ద్వారబంధం, గడప, బందు, గడియ, గొళ్ళెం. మా అమ్మమ్మగారి పాత యింట్లో వీధి తలుపుకు లోపల పెద్ద అడ్డగడియ, బయట యినప గొలుసు గొళ్ళెం వుండేవి. అడ్డగడియ యింటివారిది. ఆ గొళ్ళెం మాత్రం అర్ధరాత్రి వచ్చిన బంధువుదీ, టెలిగ్రాం తెచ్చినవాడిదీ, పురుడు పోయడానికి వచ్చిన మంత్రసానిదీ. కారు బయటి పిడిని నేను అన్నాళ్ళూ నా సౌకర్యంగానే చూచాను. వొరిగి తెరవగలుగుతున్నాను గనుక దానితో పనిలేదనుకున్నాను. లోపలి మనిషి చేయి లేవనినాడు, ముక్కూ మొహం తెలియనివాడు పట్టుకోవడానికి వున్న చోటు అదొక్కటేనని ఏలూరు రోడ్డు మీద తెలిసింది.

యిది పాత కార్ల బాధ మాత్రమే అనుకోకండి. యీ మధ్య వచ్చే కొత్త కార్లలో కొన్నిటికి పిడి బయటికి కనబడనే కనబడదు. తలుపులో కలిసిపోయి, విద్యుత్తుతో పనిచేస్తుంది. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ అటువంటి ఒక కారు మీద విచారణ మొదలుపెట్టింది. బయటి పిడి పనిచేయక, వెనక సీటులో వున్న పిల్లలను తీయలేక తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టవలసి వచ్చిందన్న ఫిర్యాదులే దానికి కారణం. కరెంటుతో పని లేకుండా బయటనుంచి తలుపు తెరిచే యేర్పాటు వుండి తీరాలంటూ చైనా ప్రభుత్వం కూడా 2025లోనే ముసాయిదా నియమాలు ప్రకటించింది. ఆ వార్తలు చదివినప్పుడు వాళ్ళెవరికైనా గొడుగు కొంకి దొరికిందో లేదోనని అనుకున్నాను.

మీ యింట్లో కారు వుంటే, కొత్తదైనా పాతదైనా, యీ ఆదివారం ఒక పని చేయండి. నాలుగు తలుపులూ బయటనుంచి ఒకసారి, లోపలనుంచి ఒకసారి తెరిచి చూడండి. వెనక తలుపులకు పిల్లల లాకు వేసి వుంటే అవి లోపలనుంచి తెరుచుకోవు. అటువంటి తలుపుకు బయటి పిడే దిక్కు. యే తలుపైనా గట్టిగా లాగితేగాని రాకపోతే పిడి విరిగేదాకా ఆగకుండా లాకుకు గ్రీజు పెట్టించండి. అయిదు నిమిషాల పని.

ఆ సాయంకాలం నాన్నగారిని అలా ప్రకాశం బ్యారేజి దాకా తిప్పి తీసుకువద్దామని తాళాలు తీసుకుని బయటికి వచ్చాను. ఆయన నాకంటే ముందే కారు దగ్గర వున్నారు. యెడమ తలుపు పక్కన నిలబడి, కొత్త పిడి కింద నాలుగు వేళ్ళూ పెట్టి లాగారు. తలుపు చప్పుడు లేకుండా వచ్చింది. ఆయన యెక్కలేదు. తలుపును పూర్తిగా తెరిచి, పాత అలవాటు ప్రకారం కాస్త పక్కకు తప్పుకుని, కిందికి ఒకసారి చూచి, మెల్లగా మూశారు. మెల్లగా వేసినా పడింది. మళ్ళీ తెరిచి, యీసారి తాను కూర్చున్నారు. నేను మెట్ల మీదనే కొంచెం సేపు ఆగి, అప్పుడే వచ్చినట్టు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను.

"తేలిగ్గా వస్తోంది" అన్నారాయన. "మీ అమ్మకు సరిపోయేది."

తిరిగి వచ్చేటప్పుడు వంతెన దిగాక గుర్తుచేశారు: "వంటింటి కొళాయి కూడా కారుతోంది సుమా. నాలుగు నెలలయింది."